సంఘమునకు సొంత ఈ-మెయిలు సర్వరు

(పంచాయితీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు మేము చెప్పబోవు విషయము మీలో కొందరికి పట్టణవాసుల ముచ్చటగా తోచవచ్చును. వ్యాపారము చేయు సంస్థ యొకటి తన పేరుతో ఈ-మెయిలు పంపుటకును, అందుకొనుటకును సొంత సర్వరును ఏర్పరచుకొనుట యెట్లు, అందలి సౌకర్యమేమి, చిక్కులేమి అన్నదే ఆ విషయము. మన గ్రామములందు చేనేత సహకార సంఘములున్నవి. రైతు ఉత్పత్తిదారుల సంఘములున్నవి. పచ్చళ్లు, పొడులు చేసి అమ్ము మహిళా సంఘములున్నవి. వీరి సరకు ఊరి సంతతో ఆగుట లేదు. చెన్నై, ముంబయి వర్తకులు కొనుచున్నారు. విదేశములందలి తెలుగువారు తెప్పించుకొనుచున్నారు. ధర చెప్పుట, ఆర్డరు పుచ్చుకొనుట, బిల్లు పంపుట, బ్యాంకు ఖాతా నెంబరు తెలుపుట మున్నగు పనులు చాలవరకు ఈ-మెయిలు మీదనే నడచుచున్నవి. ఒక్క ఉత్తరమును నమ్మి లక్ష రూపాయల సరకు బండి యెక్కుచున్నప్పుడు, ఆ ఉత్తరము ఎవరు వ్రాసినదో, ఏ దారిని వచ్చినదో తెలియకుండుట క్షేమము కాదు. సంఘమువారు సలహాకై మొదట వచ్చునది మీ యొద్దకే. 2011లో మంజూరై, తరువాత భారత్‌నెట్ అని పేరు మార్చుకొన్న పథకము గ్రామ పంచాయితీల వరకు ఇంటర్నెట్ తీగెను తెచ్చుటకై పుట్టినది. తీగె వచ్చిన పిదప దానిమీద ఏమి నడుపవలయునో, ఏది నడుపరాదో నిర్ణయించుకొనుట మన పని.

సర్వరనగా భయపడవలసిన యంత్రమేదియు కాదు. రేయింబవళ్లు ఆగక నడచు ఒక కంప్యూటరు. ఉత్తరములు తీసికొనుట, వేరుచేయుట, చేరవేయుట, చేరినవానిని దాచియుంచుట దానికి అప్పగించిన పని. మన ఊరి పోస్టుమాస్టరు చేయునదే అది చేయును. 1971లో అమెరికాలో రే టామ్లిన్‌సన్ అను ఇంజనీరు ఒక కంప్యూటరునుండి మరియొక కంప్యూటరునకు నెట్‌వర్కు ద్వారా ఉత్తరము పంపి, మనిషి పేరునకును యంత్రము పేరునకును నడుమ ‘అట్’ గుర్తును పెట్టెను. ఉత్తరములను సర్వరునుండి సర్వరునకు చేరవేయు పద్ధతిని ఎస్.ఎం.టి.పి. అందురు. దాని నియమములను 1982లో జొనాథన్ పోస్టెల్ ప్రకటించెను. మన దేశమున సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా లభించెను. నడుమ ఎన్ని మార్పులు వచ్చినను, ఉత్తరమును మోయుచున్నది నేటికిని ఆ 1982 నాటి పద్ధతియే.

ఉత్తరము నడక యెట్టిదో చూతము. ఒక నేత సంఘపు కార్యదర్శి చెన్నైలోని వర్తకునికి ఉత్తరము వ్రాసి ‘పంపు’ అను మీటను నొక్కెను. ఆ ఉత్తరము ముందుగా సంఘపు సర్వరును చేరును. అచ్చట పాస్‌వర్డు చూపినగాని లోనికి రానీయరు. సర్వరు అప్పుడు వర్తకుని చిరునామాలో ‘అట్’ గుర్తునకు తరువాత నున్న పేరును తీసికొని, ఈ పేరువారి ఉత్తరములను ఏ సర్వరు పుచ్చుకొనును అని ఇంటర్నెట్ పేర్ల పట్టికను అడుగును. ఆ పట్టికకు డి.ఎన్.ఎస్. అని పేరు. ఈ ప్రశ్నకు సమాధానమిచ్చు పంక్తిని ఎం.ఎక్స్. నమోదు అందురు. మనకు 1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చినది గదా! 5తో మొదలగు ఆరంకెలను చూడగానే ఉత్తరము ఏ వైపునకు పోవలయునో, చివరకు ఏ తపాలా కార్యాలయమునకు చేరవలయునో తపాలావారికి తెలియును. ఎం.ఎక్స్. నమోదు చేయు పనియు అట్టిదే. చోటు తెలిసిన వెంటనే సంఘపు సర్వరు వర్తకుని సర్వరు యొక్క 25వ నెంబరు ద్వారమును తట్టి ఉత్తరమును అప్పగించును. వర్తకుడు తీరిక దొరికినపుడు తన ఫోనులో దానిని చదువుకొనును.

ఎదుటి సర్వరు ఆ సమయమున పనిచేయకున్నను ఉత్తరము పోదు. మన సర్వరు దానిని వరుసలో ఉంచి, కొంత వ్యవధి నిచ్చి మరల మరల ప్రయత్నించును. నాలుగైదు దినములు ప్రయత్నించియు సాధ్యపడనిచో, చేరలేదని వ్రాసినవానికి తెలియజేయును. ఇట్టి నిదానము ఆ పద్ధతిలో మొదటినుండియు నున్న సుగుణము.

కాని లోపమొకటి కూడ మొదటినుండియు నున్నది. ఆనాటి నెట్‌వర్కులో నున్నవారు బహు కొద్దిమంది, విశ్వవిద్యాలయములవారు, పరిశోధకులు. ఒకరినొకరు నమ్మెడివారు. కనుక ఉత్తరము తెచ్చినవానిని నీవెవరవని ఆ నియమములు అడుగలేదు. కవరు వెనుక పంపినవారి పేరు ఎవరైనను ఎవరిదైనను వ్రాయవచ్చును గదా, ఇదియు అంతే. సొంత సర్వరు పెట్టుకొనువారు పడు శ్రమలో అధిక భాగము ఈ యొక్క లోపమును పూడ్చుకొనుటకే సరిపోవుచున్నది.

ఇక ఏర్పాటు సంగతి. సర్వరును సంఘ కార్యాలయమున బల్లమీద పెట్టుకొనవచ్చునా యని కొందరడుగుదురు. వలదని మా సలహా. విద్యుత్తు పోవును. అదిగాక ఇండ్లకును చిన్న కార్యాలయములకును ఇచ్చు ఇంటర్నెట్ లైనుకు సాధారణముగా స్థిరమైన నెంబరుండదు; మనము చెప్పుకొన్న ఆ 25వ ద్వారమును లైనిచ్చిన సంస్థలే పలుచోట్ల మూసియుంచును. కావున డేటా కేంద్రములలో నెలకింతయని అద్దెకు దొరకు సర్వరును తీసికొనుట ఆచారము. అచ్చటను ఆ ద్వారము తెరచి యిచ్చెదరా లేదా అని ముందే అడుగవలయును. తెరువనివారు పెక్కుమంది కలరు. సర్వరు మీద నడచు సాఫ్ట్‌వేరునకు వెల లేదు. ఉత్తరములను మోయుటకు పోస్ట్‌ఫిక్స్ అనునది కలదు. వీట్సె వెనెమా అను శాస్త్రజ్ఞుడు రచించిన దీనిని 1998లో అందరికి ఉచితముగా విడుదల చేసిరి. చేరిన ఉత్తరములను దాచి, అడిగినపుడు చూపుటకు డవ్‌కాట్ అనునది కలదు. దారిలో ఎవరును చదువకుండ మరుగుపరచుటకు కావలసిన ధ్రువపత్రమును లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ ఉచితముగా ఇచ్చును. దాని గడువు కొద్దికాలమే గనుక దానంతటది క్రొత్తదగునట్లు అమర్చుకొనవలయును. పని తెలిసిన యువకుడు ఇదంతయు ఒక దినములో ముగించును. సాయంకాలమునకు ఉత్తరము వెళ్లును, వచ్చును. అందరును సంతోషింతురు.

అసలు పని మరునాడు మొదలగును. వర్తకునికి పంపిన ఉత్తరము అతని స్పాము పెట్టెలో పడియుండును. అతడు చూడడు. సంఘమువారు జవాబు రాలేదని ఎదురుచూచుచుందురు. ఆర్డరు మరియొకరికి పోవును. కారణమేమన, క్రొత్త సర్వరును ఎదుటివారు నమ్మరు. ఊరికి క్రొత్తగా వచ్చిన వ్యాపారికి ఎవరును వెంటనే అరువీయరు గదా! నమ్మకము సంపాదించుటకు కొన్ని పత్రములు చూపవలయును.

సర్వరు నెంబరును బట్టి పేరును చెప్పు ఎదురు నమోదు మొదటిది. దీనిని సర్వరు అద్దెకిచ్చినవారే చేయవలయును. రెండవదియగు ఎస్.పి.ఎఫ్., మా ఉత్తరములను తెచ్చు అధికారము ఫలానా సర్వరులకు మాత్రమే కలదని పేర్ల పట్టికలో బహిరంగముగా చేయు ప్రకటన. డీకిమ్ అనునది మూడవది. ఇది పూర్వపు లక్కముద్ర వంటిది. ముద్రవేయు ఉంగరము సంఘపు సర్వరులో భద్రముగా నుండును; దాని అచ్చు ఎట్లుండునో అందరికి కనబడునట్లు పేర్ల పట్టికలో పెట్టుదురు. ఉత్తరము అందుకొన్నవాడు ముద్రను అచ్చుతో పోల్చి చూచుకొనును. అచ్చు చూచినంతమాత్రమున ఉంగరమును ఎవరును చేయజాలరు. దారిలో ఒక్క అంకె మార్చినను ముద్ర కలియదు. బిల్లులు పంపు సంఘమునకు ఇంతకంటె విలువైన రక్షణ లేదని మా అభిప్రాయము. ఇక డీమార్క్ అనునది, ఈ పరీక్షలలో నెగ్గని ఉత్తరము మా పేరున వచ్చినచో ఏమి చేయవలయునో ఎదుటివారికి మనమిచ్చు ఆదేశము. ఊరక చూచి మాకు తెలుపుడు అనవచ్చును, ప్రక్కన పెట్టుడు అనవచ్చును, త్రోసివేయుడు అనవచ్చును. మొదట చూచి తెలుపుడనియే ఆరంభించి, వచ్చు నివేదికలను కొన్ని వారములు చదివి, మన ఉత్తరములన్నియు సరిగా పోవుచున్నవని తేలిన పిమ్మట త్రోసివేయుడు అను ఆదేశమునకు పోవుట మంచిది. తొందరపడినవారు తమ బిల్లులను తామే త్రోయించుకొందురు.

ఇవి యిష్టమున్న చేయుదము, లేకున్న మానుదము అను రోజులు గతించినవి. 2024 ఫిబ్రవరి నుండి జీమెయిలు, యాహూ సంస్థలు వీనిని నిబంధనలుగా చేసినవి. తమ ఖాతాలకు దినమునకు అయిదువేలకు పైగా ఉత్తరములు పంపువారు ఎస్.పి.ఎఫ్., డీకిమ్, డీమార్క్ మూడును చూపవలయునని జీమెయిలువారి నియమము. చిన్న సంఘము అన్ని పంపదు, అయినను ఎస్.పి.ఎఫ్., డీకిమ్‌లలో ఒకటియైనను, ఎదురు నమోదును ఉండితీరవలయును. అన్నియు పెట్టుకొన్నచో తగవే యుండదు.

అద్దె సర్వరు విషయమున ఇంకొక సంగతి. మనకిచ్చిన నెంబరు అంతకుముందు ఎవరో వాడినదై యుండును. వారు మోసపు ఉత్తరములు పంపియుండినచో ఆ చెడ్డపేరు మనకు సంక్రమించును. దివాలాతీసిన వాని కొట్టును అద్దెకు తీసికొనగా అప్పులవాళ్లు మన గడపకు వచ్చినట్లగును. చెడ్డ నెంబరుల జాబితాలను ప్రకటించు సంస్థలు కలవు. ముందుగా చూచుకొని, నెంబరు మచ్చపడినదైన మార్చి యిమ్మని అడుగుట యుక్తము. అట్లే, పాస్‌వర్డు అడుగక వచ్చినవారందరి ఉత్తరములను మోయునట్లు సర్వరును వదలిపెట్టినచో దొంగలు దానిని త్వరలోనే కనిపెట్టి తమ బండిగా వాడుకొందురు. చెడ్డపేరు మాత్రము సంఘమునకే మిగులును.

ఇప్పుడు డబ్బు సంగతికి వత్తము. సంఘము రెండులక్షల రూపాయల బట్ట పంపినదనుకొందము. వర్తకునికి ఒక ఉత్తరము పోయెను. ‘మా బ్యాంకు ఖాతా మారినది, సొమ్మును ఈ క్రొత్త ఖాతాకు పంపుడు’ అని యున్నది. పేరు సంఘముదే. వర్తకుడు మంచివాడు, పంపెను. నెల గడచినను సంఘమునకు సొమ్ము రాలేదు. నేతగాండ్రకు కూలి ఆగిపోయెను. వర్తకుడు నేను ఇచ్చితినని అనును. సంఘము మాకు రాలేదని అనును. ఇరువురును నిజమే చెప్పుచున్నారు. ఇట్టి మోసము ప్రపంచమంతటను జరుగుచున్నది.

ఇది మూడు దారులలో జరుగును. సంఘపు పేరునే దొంగిలించి కవరుమీద వ్రాయుట ఒకటి. డీమార్క్ ఆదేశము గట్టిగా ఉన్నచో ఎదుటి సర్వరు దీనిని త్రోసివేయగలదు. సంఘపు పేరును పోలిన పేరును, ఒక్క అక్షరము తేడాతో, కొని వ్రాయుట రెండవది. ఆ పేరు దొంగ తనదిగా నమోదు చేసికొన్నది గనుక అతడును అన్ని పత్రములు చూపగలడు. ఏ పరీక్షయు దీనిని పట్టలేదు. కార్యదర్శి పాస్‌వర్డునే కాజేసి, సంఘపు పెట్టెనుండియే వ్రాయుట మూడవది. ఇందు ఉంగరమే దొంగ చేతిలో పడినట్లు. లక్కముద్ర సరిగనే పడును. కాబట్టి సర్వరు ఎంత గట్టిదైనను చాలదు. పాస్‌వర్డుతో పాటు ఫోనుకు వచ్చు రెండవ గుర్తును కూడ అడుగునట్లు అమర్చుకొనవలయును. ఖాతా మార్పును ఈ-మెయిలు ద్వారా మాత్రమే ఎన్నడును తెలుపమని, తెలిపినను నమ్మవలదని, పూర్వమే తెలిసిన ఫోను నెంబరుకు మాట్లాడి నిర్ధారించుకొనుడని సంఘము తన కొనుగోలుదారులందరికిని వ్రాయవలయును. ఉత్తరములోనే ఇచ్చిన నెంబరుకు ఫోను చేయుట దొంగనే సాక్ష్యమడుగుట. ఈ నియమమును కార్యవర్గపు తీర్మానముగా మినిట్సు పుస్తకమున వ్రాసికొన్నచో కార్యదర్శులు మారినను నిలుచును. మోసము జరిగినదని తెలిసిన క్షణముననే 1930 నెంబరుకు ఫోను చేయవలయును. సొమ్ము ఇంకను బ్యాంకులలో ఉండగానే ఆపుటకు అవకాశముండును. రేపు పోదములే యనుకొన్నచో అది చేతులు మారిపోవును.

సర్వరుకంటె ముందు చూడవలసినది మరియొకటి కలదు. ‘అట్’ గుర్తునకు తరువాత వచ్చు పేరు, అనగా డొమైను, ఎవరి పేర నున్నది? సంఘమునకు కంప్యూటరు తెలిసిన కుర్రవాడు ఒకడుండును. తన కార్డుతోనే డబ్బు కట్టి, తన పేరనే డొమైను నమోదు చేయించును. అతని మనసులో కపటమేమియు ఉండదు. రెండేండ్లకు ఉద్యోగము దొరకి బెంగళూరు పోవును; ఫోను నెంబరు మారును; సాలుకు కట్టవలసిన రుసుము కట్టుట మరచును. గడువు దాటిన పేరును మరియొకరు కొనవచ్చును. కొన్నవారికి సంఘపు పేరుమీద వచ్చు ఉత్తరములన్నియు పోవును. భూమి పట్టా మరియొకరి పేర ఉండగా మనము సేద్యము చేయుచున్నట్లే యిది. డొమైను సంఘము పేరనే నమోదు కావలయును. రుసుము సంఘపు ఖాతానుండియే పోవలయును. సాధ్యమైనచో కొన్ని సంవత్సరములకు ఒకేసారి కట్టవలయును. గడువు హెచ్చరికలు వచ్చు చిరునామా అదే డొమైనుపై ఉండరాదు. డొమైను ఆగినప్పుడు దానిమీది పెట్టెకు హెచ్చరిక యెట్లు వచ్చును? పాస్‌వర్డులను కాగితముపై వ్రాసి, కవరులో పెట్టి, సీలువేసి సంఘపు బీరువాలో ఉంచుట పాతకాలపు పద్ధతియని నవ్వవలదు.

తెలుగు అక్షరములతో ‘.భారత్’ అని ముగియు పేర్లును నేడు లభించుచున్నవి. చూడ ముచ్చటయే. అయితే తెలుగు అక్షరముల చిరునామాలను అన్ని సర్వరులును ఇంకను స్వీకరించుట లేదు గనుక వ్యాపారపు ఉత్తరములకు ఇంగ్లీషు అక్షరముల పేరును కూడ ఉంచుకొనక తప్పదు. చిరునామాలను వ్యక్తుల పేర గాక హోదాల పేర, అనగా కార్యదర్శి, అమ్మకములు, లెక్కలు అనునట్లు ఏర్పరచుట మేలు.

సర్వరు నడుపువారికి చట్టపు బాధ్యతలును కలవు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ ఇచ్చిన ఆదేశముల ప్రకారము కంప్యూటరు వ్యవస్థల రాకపోకల చిట్టాలను 180 దినములు భద్రపరచవలయును. ఆదేశములలో చెప్పిన సైబరు దాడులు జరిగినచో తెలిసిన ఆరు గంటలలో ఆ సంస్థకు తెలుపవలయును. ఉత్తరముల నకలును వేరొకచోట ఉంచుకొనుట చట్టము చెప్పకున్నను చేయవలసిన పని.

ఇన్ని చెప్పిన తరువాత, సొంత సర్వరు పెట్టుకొనవలయునా మానవలయునా అని మీరడుగుట సహజము. మా అభిప్రాయమును దాచము. వారమునకొకసారియైనను సర్వరును తెరచి, మరమ్మతులు వేసి, చిట్టాలు చూచు మనిషి లేని సంఘము సొంత సర్వరు జోలికి పోరాదు. పేరును మాత్రము తన చేతిలో ఉంచుకొని, పెట్టెలను నమ్మకమైన సంస్థవద్ద అద్దెకు తీసికొనవలయును. ఆ సంస్థ నచ్చనినాడు ఉత్తరముల నకలు తీసికొని, పేర్ల పట్టికలో ఎం.ఎక్స్. నమోదును మార్చినచో క్రొత్త ఉత్తరములు మరియొక చోటికి వచ్చును. చిరునామా మారదు, కొనుగోలుదారునికి తెలియనే తెలియదు. అయితే అద్దె పెట్టెలకు మనిషికింతయని నెలనెల కట్టవలయును. మండలములోని సంఘములు కొన్ని కలిసి, శిక్షణ పొందిన ఒకరిద్దరికి జీతమిచ్చి, ఒకే సర్వరును నడుపుకొనుచో పెట్టెలు ఎన్నియున్నను అద్దె యొక్కటే. అట్టి చోట సొంత సర్వరు లాభసాటి కాగలదు. ఇద్దరనుటకు కారణమున్నది, ఒక్కడే అయినచో అతని పెండ్లిదినముననే సర్వరు ఆగును.

పంచాయితీ కార్యాలయము మాటయో? అది వ్యాపార సంస్థ కాదు. ప్రభుత్వ కార్యాలయముల కొఱకు ప్రభుత్వపు ఈ-మెయిలు వ్యవస్థ కలదు, దానినే వాడవలయును. పంచాయితీకి సర్వరు కొందమని ఎవరైన టెండరుతో వచ్చినచో మీరు తలయూపవలదు.

మీ ఊరి సంఘమునకు ఇప్పటికే సొంత పేరుతో ఈ-మెయిలున్నచో పరీక్షించుట సులభము. సంఘపు చిరునామానుండి మీ జీమెయిలు ఖాతాకు ఒక ఉత్తరము వ్రాయించుడు. కంప్యూటరుమీద దానిని తెరచి, ప్రక్కనున్న మూడు చుక్కలను నొక్కి, అసలు ప్రతిని చూపు అను మాటను ఎన్నుకొనుడు. పైభాగమున ఎస్.పి.ఎఫ్., డీకిమ్, డీమార్క్ అను మూడు పంక్తులుండును. మూడింటి యెదుటను ‘పాస్’ అని యున్నదేమో చూడుడు. లేనిచో ఏ పంక్తి తప్పినదో కాగితముపై వ్రాసికొని, సర్వరు పెట్టిన యువకుని పిలిపింపుడు.